ఎమీల్ బోదో

జాన్ మోరిస్ ఎమీల్ బోదో (1845 సెప్టెంబరు 11 – 1903 మార్చి 28) ఫ్రాన్సు దేశానికి చెందిన టెలిగ్రాఫ్ ఇంజనీరు. ఒకే తంతి తీగ మీద పలువురు ఆపరేటర్లు ఏకకాలంలో సందేశాలు పంపగలిగే ముద్రణ టెలిగ్రాఫ్ యంత్రాన్ని, దానికి తగిన ఐదు సంకేతాల కోడ్‌ను రూపొందించినవాడిగా ఇతడు ప్రసిద్ధుడు. సమాచార ప్రసారంలో సంకేతాల వేగాన్ని కొలిచే బాడ్ అనే ప్రమాణం ఇతని పేరు మీదుగా ఏర్పడినదే. వ్యవసాయ కుటుంబంలో పుట్టి, ప్రాథమిక పాఠశాల చదువుతోనే ఉద్యోగంలో చేరి, తీరిక వేళల్లో స్వయంగా నేర్చుకున్న విద్యతో ఇతడు సాధించిన పని నేటి టెలికమ్యూనికేషన్ నెట్‌వర్కులకు పునాదులలో ఒకటి.

ఫ్రెంచి ఉచ్చారణ ప్రకారం ఇంటిపేరులోని చివరి హల్లు పలకదు. కనుక వ్యక్తి పేరును బోదో అని, ఇంగ్లీషు ద్వారా తెలుగులోకి వచ్చిన ప్రమాణం పేరును బాడ్ అని వ్రాయడం జరిగింది.

బాల్యము, విద్య

బోదో 1845 సెప్టెంబరు 11న ఫ్రాన్సు ఈశాన్య భాగంలోని ఓత్-మార్న్ ప్రాంతానికి చెందిన మాన్యూ గ్రామంలో జన్మించాడు. తండ్రి రైతు. గ్రామంలోని ప్రాథమిక పాఠశాలలో పొందిన విద్య తప్ప ఇతనికి వేరే చదువు లేదు. పాఠశాల ముగిసిన తరువాత తండ్రితో కలిసి పొలం పనులు చేశాడు. గణితంలోగాని, విద్యుత్ శాస్త్రంలోగాని ఇతనికి గురువులంటూ ఎవరూ లేరు. తరువాతి కాలంలో ఇతనికి ఉపకరించిన శాస్త్రజ్ఞానం అంతా ఉద్యోగంలో చేరిన పిమ్మట సొంతంగా సంపాదించుకున్నదే.

తంతి శాఖలో ఉద్యోగము

1869లో బోదో ఫ్రెంచి టెలిగ్రాఫ్ శాఖలో శిక్షణ ఆపరేటరుగా చేరాడు. శాఖ ఇతనిని పారిస్ నగరానికి పంపి, హ్యూస్ టెలిగ్రాఫ్ యంత్రం మీద నాలుగు నెలల శిక్షణ ఇప్పించింది. 1870లో ఫ్రాన్సుకు, ప్రష్యాకు మధ్య యుద్ధం మొదలైనప్పుడు సైనిక టెలిగ్రాఫ్ విభాగంలో పనిచేశాడు. యుద్ధానంతరం 1872లో పారిస్‌కు తిరిగివచ్చాడు.

అప్పటికి వాడుకలో ఉన్న టెలిగ్రాఫ్ పద్ధతులు ప్రధానంగా రెండు. మొదటిది మోర్స్ పద్ధతి. ఇందులో చుక్కలు, గీతలు పంపేవారు. అవతలి వైపు ఆపరేటరు వాటిని అక్షరాలుగా మార్చి వ్రాసుకొనేవాడు. రెండవది డేవిడ్ హ్యూస్ రూపొందించిన ముద్రణ యంత్రం. దీనికి పియానో మెట్ల వంటి 28 మీటలు ఉండేవి. రెండు చివరలా ఒకే వేగంతో తిరిగే చక్రాలు ఉండేవి. చక్రం ఏ అక్షరం వద్ద ఉన్నప్పుడు విద్యుత్ స్పందన వచ్చిందో ఆ అక్షరం కాగితం మీద అచ్చుపడేది. ఒక అక్షరానికి ఒకే స్పందన చాలును గాని, ఆ స్పందన కొరకు తీగ చాలాసేపు ఖాళీగా వేచి ఉండవలసి వచ్చేది.

ఊర్ల మధ్య తీగలు వేయడం, స్తంభాలు నాటడం, వాటిని కాపాడడం ఖర్చుతో కూడిన పనులు. ఆపరేటరు ఎంత నిపుణుడైనా, అతని చేతి వేగం కంటే తీగ మోయగల వేగం ఎక్కువ. ఈ వ్యత్యాసమే బోదో ఆలోచనకు మూలం. 1871లో బెర్నార్డ్ మేయర్ అనే ఫ్రెంచి ఇంజనీరు ఒక తీగను పలువురు ఆపరేటర్లు వంతులవారీగా వాడుకొనే పద్ధతిని తయారుచేశాడు. అయితే అందులో మోర్స్ సంకేతాలే వాడేవారు. మేయర్ పద్ధతిలోని వంతుల ఏర్పాటును, హ్యూస్ యంత్రంలోని అచ్చువేసే సౌకర్యాన్ని ఒకచోట చేర్చాలని బోదో నిశ్చయించుకున్నాడు. ఈ పరిశోధన అంతా ఉద్యోగ విధులు ముగిసిన తరువాత, సొంత సమయంలో చేశాడు.

బోదో యంత్రము

1874 జూన్ 17న బోదో తన శీఘ్ర టెలిగ్రాఫ్ పద్ధతికి పేటెంటు పొందాడు. మరుసటి సంవత్సరం, అనగా 1875లో, టెలిగ్రాఫ్ శాఖ ఈ పద్ధతిని ఆమోదించింది. 1877 నవంబరు 12న పారిస్, బోర్డో నగరాల మధ్య యంత్రం పని ప్రారంభించింది. అదే సంవత్సరం చివరలో సుమారు 1,700 కిలోమీటర్ల పొడవు గల పారిస్–రోమ్ మార్గంలో కూడా దీనిని నెలకొల్పారు.

ఐదు మీటల కోడ్

మోర్స్ కోడ్‌లో అక్షరాల నిడివి సమానం కాదు. ఒక చుక్కను ఒక ప్రమాణ కాలంగా తీసుకుంటే, ఇంగ్లీషు ఇ అక్షరానికి 1 ప్రమాణం సరిపోతుంది. సున్న అంకెకు ఐదు గీతలు, వాటి మధ్య ఖాళీలు కలిపి 19 ప్రమాణాలు కావాలి. వంతులవారీగా తీగను పంచుకోవాలంటే ఇటువంటి హెచ్చుతగ్గులు ఇబ్బంది కలిగిస్తాయి. బోదో కోడ్‌లో ప్రతి అక్షరానికీ సరిగ్గా ఐదు సంకేతాలే ఉంటాయి. ఒక్కొక్క సంకేతం రెండు స్థితులలో ఏదో ఒకటిగా మాత్రమే ఉంటుంది. రెండును ఐదుసార్లు హెచ్చిస్తే 32 కలయికలు వస్తాయి. అక్షరాలకు, అంకెలకు, విరామ చిహ్నాలకు కలిపి 32 చాలవు కనుక, అక్షరాల వరుస నుండి అంకెల వరుసకు మారడానికి, తిరిగి రావడానికి రెండు ప్రత్యేక కలయికలను కేటాయించాడు.

యంత్రానికి ఐదు మీటలు మాత్రమే ఉండేవి. మూడింటిని కుడిచేతి వేళ్ళతో, రెండింటిని ఎడమచేతి వేళ్ళతో నొక్కేవారు. కుడిచేతి మూడు మీటలతో ఏర్పడే ఏడు కలయికలను ఫ్రెంచి అచ్చులకు ఇచ్చాడు. హల్లులకు ఎడమచేతి మీటలు కూడా తోడవుతాయి. ఆపరేటర్లు సులువుగా గుర్తుపెట్టుకొనడానికే ఈ అమరిక చేయడం జరిగింది.

రెండు స్థితుల సంకేతాలను ఐదేసి చొప్పున కలిపి అక్షరాలను సూచించవచ్చుననే భావన అంతకు ముందే ఉన్నది. ఇంగ్లాండుకు చెందిన ఫ్రాన్సిస్ బేకన్ 17వ శతాబ్దంలో రహస్య లిపి కొరకు ఇటువంటి పద్ధతిని వివరించాడు. జర్మనీలో గౌస్, వెబర్ 1830లలో తమ టెలిగ్రాఫ్ ప్రయోగాలలో వాడారు. ఆ భావనను రోజంతా పనిచేసే యంత్రంగా మలచడం బోదో ఘనత.

పంపిణీ చక్రము

యంత్రంలో ముఖ్యమైన భాగం పంపిణీ చక్రం. వలయాకారంలో అమర్చిన లోహపు ముక్కల మీదుగా ఒక కుంచె నిరంతరం తిరుగుతూ ఉంటుంది. వలయం కొన్ని భాగాలుగా విభజింపబడి, ఒక్కొక్క భాగం ఒక్కొక్క ఆపరేటరుకు కేటాయించబడుతుంది. ఆపరేటరు నొక్కిన మీటలు, కుంచె అతని భాగం మీదుగా వెళ్ళే వరకు అలాగే బిగిసి ఉంటాయి. కుంచె దాటగానే మీటలు విడివడి, తరువాతి అక్షరానికి సిద్ధం కమ్మని చిన్న టక్కు శబ్దం వినిపిస్తుంది. ఆ లయ తప్పకుండా పనిచేయడమే బోదో ఆపరేటరు నేర్చుకోవలసిన ప్రధాన విద్య.

అవతలి వైపు ఇదే వేగంతో తిరిగే మరొక చక్రం ఉంటుంది. వచ్చిన ఐదు సంకేతాలు ఐదు విద్యుదయస్కాంతాలలో క్షణకాలం నిలిచి, ఆ తరువాత అక్షరంగా మారి కాగితపు పట్టీ మీద అచ్చుపడతాయి. రెండు చక్రాలూ కలిసి తిరగకపోతే ఒకరి సందేశం మరొకరి పట్టీ మీద పడుతుంది. అందువలన వాటిని సమకాలంలో నిలపడానికి బోదో ప్రత్యేక ఏర్పాట్లు చేశాడు.

ఒక ఆపరేటరు సాధారణ వేగం నిమిషానికి 30 మాటలు. ఒక మాటకు ఖాళీతో కలిపి 6 అక్షరాలు అనుకుంటే నిమిషానికి 180 అక్షరాలు, సెకనుకు 3 అక్షరాలు అవుతాయి. అక్షరానికి 5 సంకేతాల చొప్పున సెకనుకు 15 సంకేతాలు. నలుగురు ఆపరేటర్లు ఒకే తీగను పంచుకుంటే సెకనుకు 60 సంకేతాలు, నిమిషానికి 120 మాటలు. సమకాలం కొరకు వాడే సంకేతాలు దీనికి అదనం. తీగ ఒక్కటే అయినా, పని నాలుగు తీగలది జరిగేది.

ప్రదర్శన, స్వర్ణపతకము

1878లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనలో బోదో యంత్రాన్ని ఉంచారు. దానికి స్వర్ణపతకం లభించింది. దీనితో ఇతని పేరు ఇతర దేశాలలో కూడా తెలిసింది. 1880 జులైలో ఇతనికి కంట్రోలరుగా పదోన్నతి కలిగింది. 1882లో ఇన్‌స్పెక్టర్-ఇంజనీరుగా నియమింపబడ్డాడు.

పేరు వచ్చినంతగా ధనసహాయం రాలేదు. టెలిగ్రాఫ్ శాఖ నుండి పరిశోధనలకు అందిన తోడ్పాటు స్వల్పం. ప్రయోగాలకు అయ్యే ఖర్చును తరచుగా బోదో సొంతంగానే భరించవలసి వచ్చింది. 1878 ప్రదర్శనలో పొందిన స్వర్ణపతకాన్ని సైతం 1880లో అమ్ముకున్నాడు.

మిమోతో వివాదము

బోదో జీవితంలో అత్యంత బాధాకరమైన ఘట్టం లూయీ విక్టర్ మిమో అనే సహోద్యోగితో ఏర్పడిన వివాదం. మిమో కూడా ఫ్రెంచి టెలిగ్రాఫ్ ఆపరేటరే. 1874లో ఇతడు ఐదు వేరువేరు తీగలతో పనిచేసే టెలిగ్రాఫ్ పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. శాఖ దానిని తిరస్కరించింది. తరువాత మేయర్ పద్ధతిలోని అంశాలను చేర్చి మరొక పేటెంటు పొందాడు. అది కూడా తిరస్కరించబడింది. ఈలోగా, మిమో కంటే కొద్ది వారాల ముందు, బోదో తన పేటెంటు పొంది ఉన్నాడు.

ఐదు సంకేతాల పద్ధతి ముందుగా తనదేనని మిమో 1877లో బోదోపై దావా వేశాడు. పారిస్‌లోని సివిల్ న్యాయస్థానం టెలిగ్రాఫ్ శాఖతో సంబంధం లేని ముగ్గురు నిపుణుల అభిప్రాయాలు తీసుకొని, కోడ్ విషయంలో మొదటి హక్కు మిమోకే ఉన్నదని, బోదో పేటెంట్లు దానికి మెరుగులు మాత్రమేనని తీర్పు చెప్పింది. ఈ తీర్పు ఇరువురికీ తృప్తి కలిగించలేదు. చివరకు ఆ తీర్పు రద్దయి, న్యాయస్థానపు ఖర్చులన్నీ మిమో చెల్లించవలసి వచ్చింది.

ఈ పరిణామంతో మిమో మానసిక స్థైర్యాన్ని కోల్పోయాడు. పేటెంట్ల కాలపరిమితిని ప్రత్యేక చట్టంతో పొడిగించాలని, 1,00,000 ఫ్రాంకులు ఇవ్వాలని, లీజియన్ ఆఫ్ ఆనర్ పురస్కారంతో గౌరవించాలని కోరాడు. టెలిగ్రాఫ్ పరిశోధన విభాగానికి అధిపతి అయిన జూల్ రేనో నాయకత్వంలోని సంఘం ఈ కోరికలను నిరాకరించింది. 1888లో మిమో రేనోను కాల్చి చంపాడు. న్యాయస్థానం ఇతనికి పది సంవత్సరాల కఠిన శిక్షను, ఇరవై సంవత్సరాల బహిష్కారాన్ని విధించింది.

ఇద్దరూ ఒకే శాఖలో, ఒకే కాలంలో, ఒకే సమస్యతో సతమతమైన ఉద్యోగులు. ఐదు సంకేతాల భావన ఇద్దరికీ తోచినప్పటికీ, దానిని ఒకే తీగ మీద, వంతుల ప్రకారం, అచ్చు రూపంలో నడిపించిన పూర్తి వ్యవస్థగా నిలబెట్టినది బోదో. తరువాతి కాలంలో పేరు నిలవడానికి ఈ తేడాయే కారణమని చెప్పవచ్చును.

ఇతర దేశాలకు వ్యాప్తి

1887 జులైలో అట్లాంటిక్ సముద్రగర్భ తంతి మీద బోదో జరిపిన ప్రయోగాలు సఫలమైనాయి. 1890 ఆగస్టు 8న పారిస్, వాన్, లోరియాఁ పట్టణాలను ఒకే తీగతో కలిపాడు. 1894 జనవరిలో పారిస్–బోర్డో మార్గంలో ముగ్గురు ఆపరేటర్ల యంత్రాన్ని అమర్చాడు. అదే సంవత్సరం ఏప్రిల్ 27న పునఃప్రసార పరికరం అనే తన కొత్త ఆవిష్కరణ సహాయంతో పారిస్ స్టాక్ ఎక్స్ఛేంజిని, ఇటలీలోని మిలాన్ స్టాక్ ఎక్స్ఛేంజితో ఒకే తీగ మీద అనుసంధానించాడు. దూరం వల్ల బలహీనపడిన సంకేతాలను అందుకొని, తిరిగి బలంగా పంపడం ఈ పరికరం పని.

1897లో ఈ పద్ధతికి రంధ్రాల పట్టీ తోడయింది. ఆపరేటరు సందేశాన్ని ముందుగా కాగితపు పట్టీ మీద రంధ్రాలుగా తయారుచేసుకుంటే, యంత్రం దానిని చదివి సమానమైన వేగంతో పంపేది. దీనితో లయ ప్రకారం మీటలు నొక్కవలసిన శ్రమ తగ్గింది.

ఫ్రాన్సు తరువాత ఈ పద్ధతిని స్వీకరించిన దేశాలలో మొదటిది ఇటలీ (1887). నెదర్లాండ్స్ 1895లో, స్విట్జర్లాండ్ 1896లో, ఆస్ట్రియా, బ్రెజిల్ 1897లో ప్రవేశపెట్టాయి. బ్రిటిషు పోస్టాఫీసు 1897లో లండన్–పారిస్ మార్గంలో వాడడం ప్రారంభించింది. 1900లో జర్మనీ, 1904లో రష్యా దీనిని స్వీకరించాయి.

అనారోగ్యము, మరణము

ఉద్యోగంలో చేరిన కొద్దికాలానికే బోదోకు అనారోగ్యం మొదలైనది. అది జీవితాంతం వెంటాడింది. ఒక్కొక్కసారి నెల రోజుల వరకు విధులకు దూరంగా ఉండవలసి వచ్చేది. 1890 జనవరి 15న ఇతడు మారీ జోసెఫీన్ అడిలైడ్ లాంగ్రోన్యేను వివాహం చేసుకున్నాడు. మూడు నెలలైనా గడవకముందే, ఏప్రిల్ 9న, ఆమె మరణించింది. వాన్, లోరియాఁ పట్టణాలతో పారిస్‌ను కలిపిన పని జరిగినది ఆ తరువాత నాలుగు నెలలకే.

1903 మార్చి 28న పారిస్ సమీపంలోని సో పట్టణంలో, 57 సంవత్సరాల వయసులో బోదో మరణించాడు. ఇతని కోడ్ తరువాత అంతర్జాతీయ టెలిగ్రాఫ్ వర్ణమాల మొదటి సంఖ్యగా ప్రామాణికమైనది. న్యూజీలాండుకు చెందిన డొనాల్డ్ మరే 1901 ప్రాంతంలో టైపురైటరు మీటలకు అనువుగా దీనిని మార్చాడు. ఆ మార్పుల నుండి వచ్చిన రెండవ సంఖ్య వర్ణమాల, 20వ శతాబ్దంలో టెలిప్రింటర్లకు, టెలెక్స్ సేవలకు ఆధారమైనది.

బాడ్ ప్రమాణము

టెలిగ్రాఫ్ వేగాన్ని మొదట్లో నిమిషానికి ఎన్ని మాటలు అనే లెక్కలో చెప్పేవారు. ఈ కొలతలో ఒక లోపం ఉన్నది. మాటల నిడివి ఒక్కొక్క భాషలో ఒక్కొక్క విధంగా ఉంటుంది. మోర్స్ కోడ్‌లో అక్షరాల నిడివి కూడా మారుతుంది. కనుక ఒక తీగ ఎంత పని చేయగలదో మాటల లెక్క చెప్పలేదు. తీగ మోసేది మాటలను కాదు, సంకేతాలను. ప్రతి అక్షరానికి సమానమైన సంకేతాలు, ప్రతి సంకేతానికి సమానమైన కాలం అనే బోదో ఏర్పాటు, తీగ వేగాన్ని సంకేతాలతోనే కొలిచే మార్గాన్ని సుగమం చేసింది.

1926లో అంతర్జాతీయ టెలిగ్రాఫ్ సలహా సంఘం ముందుకు ఈ కొత్త ప్రమాణం వచ్చింది. దానికి బాడ్ అని పేరు పెట్టారు. సెకనుకు ఒక సంకేతం చొప్పున పంపితే ఆ వేగం ఒక బాడ్. ఒక సంకేతపు కాలాన్ని సెకనులలో వ్రాసి, ఒకటిని దానితో భాగిస్తే వేగం బాడ్‌లలో వస్తుంది. టెలెక్స్ యంత్రాలలో ఒక సంకేతపు కాలం 20 మిల్లీసెకన్లు. కనుక వాటి వేగం 50 బాడ్. అందులో ఒక్కొక్క అక్షరానికి 5 సంకేతాలతో పాటు ప్రారంభానికి ఒకటి, ముగింపునకు ఒకటిన్నర, మొత్తం 7.5 ప్రమాణాలు పడతాయి. 50ని 7.5తో భాగించి, 60తో హెచ్చిస్తే నిమిషానికి 400 అక్షరాలు, అనగా సుమారు 66 మాటలు.

బాడ్ నుండి బిట్‌కు మార్పిడి

బాడ్, సెకనుకు బిట్లు అనేవి ఒకటే అనే అభిప్రాయం చాలామందిలో ఉన్నది. బోదో యంత్రం విషయంలో ఇది నిజమే. అతని సంకేతానికి రెండే స్థితులు ఉన్నందున, ఒక సంకేతం ఒక బిట్ సమాచారాన్ని మోసేది. సంకేతానికి అంతకంటే ఎక్కువ స్థితులు ఉంటే ఈ సమానత్వం ఉండదు. సంకేతానికి గల స్థితుల సంఖ్యను బట్టి సమాచార వేగం పెరుగుతుందని హారీ నైక్విస్ట్ 1924లో వివరించాడు. బిట్ అనే మాట 1948లో క్లాడ్ షానన్ వ్యాసం ద్వారా ప్రచారంలోకి వచ్చింది.

మార్పిడి సూత్రం ఇది: సెకనుకు బిట్లు = బాడ్ × ఒక్కొక్క సంకేతం మోసే బిట్ల సంఖ్య. 2 స్థితులు ఉంటే 1 బిట్, 4 స్థితులు ఉంటే 2 బిట్లు, 16 స్థితులు ఉంటే 4 బిట్లు, 256 స్థితులు ఉంటే 8 బిట్లు. కొన్ని ఉదాహరణలు:

* నలుగురు ఆపరేటర్ల బోదో యంత్రం: 60 బాడ్ × 1 = సెకనుకు 60 బిట్లు.
* వి.22 బిస్ మోడెమ్: 600 బాడ్ × 4 = సెకనుకు 2,400 బిట్లు.
* వి.32 మోడెమ్: 2,400 బాడ్ × 4 = సెకనుకు 9,600 బిట్లు.
* గిగాబిట్ ఈథర్‌నెట్ రాగి తీగలు: 12.5 కోట్ల బాడ్ × 2 బిట్లు × 4 జతలు = సెకనుకు 100 కోట్ల బిట్లు.

టెలిఫోను తీగ మీద ఇంటర్నెట్ వాడిన రోజులలో వి.32 వంటి మోడెమ్‌లను 9,600 బాడ్ మోడెమ్‌లని పిలవడం పరిపాటి. పై లెక్క ప్రకారం ఆ పిలుపు సరికాదు. ఆ మోడెమ్ వేగం 2,400 బాడ్ మాత్రమే.

నెట్‌వర్క్ ప్రణాళికలో ప్రమాణాలు

ప్రమాణాల మార్పిడిలో పొరపాటు జరిగితే నెట్‌వర్క్ ప్రణాళికలో అవసరమైన సామర్థ్యం కంటే తక్కువ అంచనా వేయడమో, అనవసరంగా ఎక్కువ ఖర్చు పెట్టడమో జరుగుతుంది. ముఖ్యంగా గమనించవలసినవి నాలుగు.

మొదటిది, బిట్లకు, బైట్లకు గల తేడా. ప్రసార మార్గాల వేగాన్ని బిట్లలోను, ఫైళ్ళ పరిమాణాన్ని బైట్లలోను చెప్పడం ఆనవాయితీ. 8 బిట్లు ఒక బైటు కనుక, సెకనుకు 100 మెగాబిట్ల మార్గం సెకనుకు 12.5 మెగాబైట్లను మాత్రమే మోస్తుంది.

రెండవది, వెయ్యికి, 1,024కు గల తేడా. ప్రసార వేగాలలో కిలో అంటే ఎప్పుడూ 1,000, మెగా అంటే 10 లక్షలు. కంప్యూటరు జ్ఞాపకశక్తి లెక్కలలో 1,024 గుణకాన్ని వాడడం ఉన్నది. 100 కోట్ల బైట్ల ఫైలును సెకనుకు 100 మెగాబిట్ల మార్గంలో పంపడానికి కనీసం 80 సెకన్లు పడుతుంది. అదే ఫైలును 1,024 గుణకంతో లెక్కించిన గిగాబైటుగా తీసుకుంటే సుమారు 85.9 సెకన్లు. గిగాబైటు స్థాయిలో తేడా 7 శాతం దాటుతుంది. ఈ అయోమయాన్ని తొలగించడానికి అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ సంఘం 1998లో 1,024 లెక్కకు కిబి, మెబి, గిబి అనే వేరు పేర్లను ఆమోదించింది.

మూడవది, అదనపు బిట్ల లెక్క. బోదో యంత్రంలో సమకాలం కొరకు కొన్ని సంకేతాలు ఖర్చయినట్లే, నేటి మార్గాలలో కూడా కొంత వేగం నిర్వహణకే పోతుంది. ఒక టెలిఫోను సంభాషణకు సెకనుకు 8,000 నమూనాలు, నమూనాకు 8 బిట్లు చొప్పున 64 కిలోబిట్లు కావాలి. ఇటువంటి 32 భాగాలను కలిపిన ఈ1 మార్గం వేగం 2,048 కిలోబిట్లు. అయితే వాటిలో సంభాషణలకు వాడేవి సాధారణంగా 30 మాత్రమే. మిగిలిన రెండు సమకాలానికి, సంకేతాల నిర్వహణకు. సెకనుకు 155.52 మెగాబిట్ల ఎస్‌టీఎం-1 మార్గాన్ని 2.048తో భాగిస్తే 75 ఈ1 మార్గాలు పడతాయని అనిపిస్తుంది. వాస్తవానికి పట్టేవి 63. కేవలం భాగహారంతో ప్రణాళిక వేసినవారికి 12 మార్గాలు తక్కువ పడతాయి.

నాలుగవది, బాడ్‌కు, బిట్‌కు గల తేడా. ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్కులలో ఇది ఈనాటికీ ముఖ్యమైనది. కాంతి యొక్క రెండు ధ్రువణాలను, ఒక్కొక్కదానిలో 16 స్థితులను వాడితే ఒక సంకేతం 8 బిట్లను మోస్తుంది. సెకనుకు 400 గిగాబిట్ల మార్గానికి ఈ పద్ధతిలో సుమారు 60 గిగాబాడ్ వాడుతారు. 60ని 8తో హెచ్చిస్తే 480 వస్తుంది. అధికంగా కనిపించే భాగం ప్రధానంగా దోషాలను సరిచేసే అదనపు బిట్లకు పోతుంది. ఫైబర్‌లో ఒక్కొక్క మార్గం ఆక్రమించే పౌనఃపున్యపు వెడల్పు బాడ్‌ను బట్టి ఉంటుంది. కొనుగోలుదారునికి అందే వేగం బిట్లను బట్టి ఉంటుంది. ప్రణాళిక వేసేవారు ఈ రెండు సంఖ్యలనూ విడివిడిగా వ్రాసుకోవాలి.

భారతదేశంలో, తెలుగులో

ఐదు సంకేతాల టెలిప్రింటర్లు భారతదేశంలోని తంతి కార్యాలయాలలోను, వార్తా సంస్థలలోను దీర్ఘకాలం పనిచేశాయి. వీటి తయారీ కొరకు 1960లో మద్రాసులో హిందూస్తాన్ టెలిప్రింటర్స్ సంస్థ స్థాపించబడింది. భారతదేశంలో టెలిగ్రాం సేవ 2013 జులైలో ముగిసింది.

బోదో ఎంచుకున్న 32 కలయికలు లాటిన్ లిపికి సరిపోయాయి గాని, 56 అక్షరాలు గల తెలుగు వర్ణమాలకు చాలవు. గుణింతాలు, వత్తుల సంగతి సరే సరి. నేడు యూనికోడ్ వాడుకలో తెలుగు లిపిలోని ఒక్కొక్క సంకేతానికి, యూటీఎఫ్-8 పద్ధతి ప్రకారం, 3 బైట్లు, అనగా 24 బిట్లు అవసరం. అమ్మ అనే మాటలో అ, మ, పొల్లు, మ అనే నాలుగు సంకేతాలు ఉన్నాయి. మొత్తం 96 బిట్లు. బోదో ఆపరేటరు ఒక్కని వంతుకు వచ్చే సెకనుకు 15 బిట్ల వేగంతో ఈ మాటను పంపడానికి 6.4 సెకన్లు పట్టేది. నలుగురి వంతులూ కలిపి వాడితే 1.6 సెకన్లు. పాత తంతి వేగానికి, నేటి ఫైబర్ వేగానికి మధ్య ఎంత దూరం ఉన్నా, లెక్క కట్టే పద్ధతి మాత్రం మారలేదు. సెకనుకు ఎన్ని సంకేతాలు, ఒక్కొక్క సంకేతానికి ఎన్ని బిట్లు, అందులో సందేశానికి దక్కేవి ఎన్ని అనే మూడు ప్రశ్నలే నేటికీ ఆధారం.

ఇవి కూడా చూడండి

* టెలిగ్రాఫ్
* మోర్స్ కోడ్
* టెలిప్రింటర్
* బిట్
* క్లాడ్ షానన్